విశాఖ చూడ్డానికి వస్తున్నారా? ఏ చోటికి ఏ వేళకి వెళ్లాలో చెప్తాను

విశాఖపట్నంలో ఏమేం చూడాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. ఏ వేళకి చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు. సగం మంది ఉసూరుమంటూ తిరిగి వెళ్లేది అందుకే. మిట్టమధ్యాహ్నం ఎర్రమట్టి దిబ్బల దగ్గర గొడుగు పట్టుకుని "ఇందులో చూడ్డానికేముంది?" అనేవాళ్లు, ఆదివారం సాయంత్రం సబ్‌మెరైన్ క్యూలో ఏడ్చే పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడ్డవాళ్లు నాకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటారు.

మాది లాసన్స్‌బే కాలనీ. మా ఆయన పోర్టులో చేసి రిటైరయ్యారు. సముద్రం దగ్గర ఇల్లుంటే చుట్టాలకి కొదవేముంది! సంక్రాంతికి ఖమ్మం నుంచి మా ఆడపడుచు వాళ్లు, ఎండాకాలం హైదరాబాదు నుంచి మా పిన్ని మనవలు దిగుతారు. వండి పెట్టడం ఎలాగూ తప్పదు, తిప్పడం కూడా నా వాటాకే వచ్చింది. అలా ఏళ్ల తరబడి తిప్పగా నాకు ఏర్పడిన అభిప్రాయాలివి. నచ్చనివి నచ్చలేదనే రాశాను.

ముందు ఒక సంగతి. సముద్రంలో పొద్దుగూకడం చూడాలని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచి లేచి కొండల వెనక్కి దిగుతాడు. కాబట్టి బీచికి వెళ్లాల్సింది తెల్లవారుజామున. అయిదున్నరకి ఆర్కే బీచికి వెళ్లి చూడండి. రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు, ఊరంతా అక్కడే నడుస్తూ ఉంటుంది. స్వెట్టర్లేసుకున్న తాతలు, బ్యాడ్మింటన్ ఆడే పిల్లలు, రాగిజావ అమ్మేవాళ్లు, కాళీమాత గుడి ముందు దణ్ణం పెట్టుకుని మళ్లీ నడక మొదలుపెట్టేవాళ్లు. దూరంగా పోర్టులోకి వెళ్లడానికి వంతు కోసం లంగరేసుకున్న ఓడలు, వాటి లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఆర్కే అంటే పక్కనే ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం, ఎవరో నాయకుడి పేరు కాదు. మా పిన్ని మనవడు ప్రతిసారీ అడుగుతాడు గనక రాస్తున్నాను.

సాయంత్రం అదే బీచికి వెళ్తే జనమే తప్ప సముద్రం కనపడదు. వెళ్లాలనుకుంటే మూరీ మిక్చర్ కోసం వెళ్లండి. మిగతా ఊళ్లలో మరమరాలంటారు, మాకు మూరీలు. బండివాడు స్టీలు గిన్నెలో మూరీలు పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, క్యారెట్ కోరు, వేయించిన పల్లీలు, కాస్త కారప్పూస వేసి, ఒక చేత్తో నిమ్మచెక్క పిండుతూనే రెండో చేత్తో గరిటె తిప్పేస్తాడు. మొత్తం అర నిమిషం. పొట్లంలో పోసి చేతికిచ్చాక మాటలాపి తినేయాలి. అయిదు నిమిషాలు ఆగితే మూరీలు మెత్తబడిపోతాయి, ఇక అది మిక్చర్ కాదు, తడిసిన ఉప్మా. ఫొటో తీసుకుని తిందామనే మా మేనకోడలికి ఈ సంగతి ఇంకా తలకెక్కలేదు.

అక్కడ నీళ్లలోకి మాత్రం దిగకండి. పాదాలు తడుపుకోండి, చాలు. పైకి మామూలుగా కనిపించే అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. ఏటా ఈ తీరంలో కుర్రాళ్లు పోతూనే ఉన్నారు. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే వాడి పని వాడు చేస్తున్నాడని అర్థం, గొడవ పెట్టుకోకండి. స్నానమే చేయాలంటే రుషికొండలో జెండాలు పాతి ఆ మేరకే దిగమని చెప్పే చోటు ఉంది. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచిలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది. శుభ్రంగా ఉంటుంది, బట్టలు మార్చుకోవడానికి గదులు కూడా ఉన్నాయి. సెలవు రోజు కాకుండా చూసుకుని వెళ్లండి.

ఇప్పుడు సబ్‌మెరైన్. ఈ ఊళ్లో డబ్బిచ్చి చూసేవాటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఐఎన్‌ఎస్ కురుసురకే టికెట్టు కొంటాను. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001 ఫిబ్రవరిలో రిటైరైతే, ఇసుక మీదికి లాక్కొచ్చి 2002 ఆగస్టులో మ్యూజియం చేశారు. బొమ్మ కాదు, నిజంగా నీళ్ల కింద తిరిగిన జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు. బయటినుంచి చూస్తే పెద్దదే అనిపిస్తుంది. లోపలికి వెళ్లాక తెలుస్తుంది సంగతి.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప కంతలోంచి దూరాలి. ముందు కాలు, తర్వాత తల, ఆఖరికి రెండో కాలు. చీర కట్టుకుని వెళ్లకండి. నేను చుడీదార్ వేసుకుని కూడా కుచ్చిళ్లు పట్టుకున్నట్టే వెళ్తాను. తలుపు ఎందుకంత చిన్నదంటే, ఒక గదిలోకి నీళ్లొస్తే అక్కడితో బిగించేసి మిగతావాటిని కాపాడుకోవడానికి. లోపల గోడ అన్నది కనపడదు, గొట్టాలూ చక్రాలూ మీటర్లే. 22 టార్పిడోలు, అంటే నీళ్లలో దూసుకెళ్లి పేలే బాంబులు, పట్టే ఓడ. ముందు ఆరు, వెనక నాలుగు గొట్టాల్లోంచి వదిలేవారు. ఆ టార్పిడోల పక్కనే బల్లల మీద నావికుల పడకలు. దాదాపు 75 మంది రోజుల తరబడి అందులో ఉండేవారంటే, వాళ్ల వంటగది చూసి మా ఆడపడుచు నోట మాట రాలేదు. మా ఇంట్లో దేవుడి గది అంతకంటే పెద్దది. ఒకరు నిలబడితే రెండోవాళ్లు బయటే. అందులోంచే అంతమందికీ మూడు పూటలా తిండి. మంచినీళ్లు తాగడానికీ వండడానికే, స్నానాల ముచ్చట లేదు.

చెప్పేవాళ్లు రిటైరైన నేవీవాళ్లు, సబ్‌మెరైన్లలో చేసినవాళ్లు. అదే దీని బలం. పాఠం అప్పజెప్పినట్టు చెప్పరు. రద్దీ లేని రోజున వెళ్లి రెండు ప్రశ్నలు వేస్తే, వదిలిపెట్టకుండా చెప్తారు. మా ఆయన పోర్టు మనిషి కావడంతో బ్యాటరీల సంగతి ఎత్తారు. నీళ్ల కింద నడిచేది బ్యాటరీ మీద, అది అయిపోతుంటే పైకొచ్చి డీజిలు ఇంజన్లకి గాలి అందించి మళ్లీ చార్జ్ చేసుకోవాలి, శత్రువు కంటపడేది అప్పుడే అని ఆ పెద్దాయన చెప్తుంటే వెనకనున్న పిల్లలు కూడా నోళ్లు మూసుకుని విన్నారు. ఆదివారమైతే ఈ భాగ్యం లేదు, వెనకాల తోసుకొస్తుంటారు, ముందుకి నడవాల్సిందే. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాత తెరుస్తారు, తెరవగానే వెళ్లండి. ఉక్కపోతకి సిద్ధపడండి. ఇరుకు అంటే భయపడేవాళ్లని, మోకాళ్ల నొప్పులవాళ్లని బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఐస్‌క్రీం కొనిపెట్టడమే మేలు.

ఎదురుగా రోడ్డు దాటితే టీయూ-142 విమానం. 29 ఏళ్లు నేవీలో ఎగిరి, 30,000 గంటలు ప్రమాదం లేకుండా తిరిగి, 2017లో రిటైరై అదే డిసెంబరులో మ్యూజియమైంది. దూరాన సముద్రం మీద జలాంతర్గాముల్ని వెతకడం దీని పని. కాబట్టి ముందు కురుసుర చూసి, తర్వాత దీన్ని చూస్తే కథ కుదురుతుంది. దాక్కునేవాడు అటు, వెతికేవాడు ఇటు. రెక్కల కింద నిలబడితే మెడ నొప్పెట్టేటంత పెద్దది. లోపల మాత్రం గబగబా నడిపించేస్తారు, కురుసురలో ఉన్నంత మజా ఉండదు. పక్కనే విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లారేలోగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి ఎదురుగానే. పిల్లలకి ఆ సంగతి చెప్పి సముద్రం వైపు చెయ్యి చూపిస్తే చాలు, వేరే మ్యూజియం అక్కర్లేదు.

కైలాసగిరి గురించి నా మాట చాలామందికి నచ్చదు. రోప్‌వే, బొమ్మరైలు, 40 అడుగుల శివపార్వతులు అన్నీ ఉన్నాయి, పిల్లలకి సంబరమే. నాకు మాత్రం ఆ కొండ మీద చూడదగ్గది కొండ కాదు, కింద ఊరు. దక్షిణం వైపు అంచున నిలబడితే బీచ్ రోడ్డు వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా కనిపిస్తుంది. దీపాలు వెలిగే వేళకి పైన ఉండేట్టు చూసుకుని, అది చూసి దిగిపోవచ్చు. దిగువనున్న తెన్నేటి పార్కు నాకు ఇంకా ఇష్టం, రాళ్ల మీద కూర్చోవచ్చు. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు తప్పి బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా కొట్టుకొచ్చి ఇక్కడే రాళ్ల మీద కూర్చుంది. కరోనా రోజులైనా దాన్ని చూడ్డానికి జనం తీర్థం సాగినట్టు వచ్చారు. నేనూ వెళ్లాను, మాస్కు పెట్టుకునే లెండి.

అసలు విశాఖ, నన్నడిగితే, అక్కడి నుంచి భీమిలి వైపు వెళ్లే రోడ్డు మీద ఉంది.

తొట్లకొండకి ఎండెక్కకముందే చేరుకోండి. ఊరికి 16 కిలోమీటర్లు. బీచ్ రోడ్డు మీదినుంచి ఎడమవైపు ఘాట్ దారి. దాదాపు 2,000 ఏళ్ల కిందటి బౌద్ధ విహారం. 1970లలో నేవీవాళ్లు సర్వే చేస్తుంటే బయటపడింది, తర్వాత తవ్వారు. కొత్తవాళ్లకి ముందే చెప్తాను, అక్కడ నిలబడ్డ గోడలు లేవు, పునాదులే. గుండ్రటి మహాస్తూపం పీఠం, వరసగా భిక్షువుల గదులు, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు. మోకాలెత్తు ఇటుక గోడల మధ్య నడుస్తుంటే మొదట ఏమీ అనిపించదు. ఒక గదిలోకి అడుగుపెట్టి, ఇందులో ఒకాయన వర్షాకాలమంతా ఉండేవాడనుకుని, చాపంత ఆ నేలని చూసి, తర్వాత తలెత్తి సముద్రం చూస్తే అప్పుడు అనిపిస్తుంది. ఇంత ఎత్తున ఎందుకు కట్టుకున్నారంటే, పక్కనే ఓడరేవులు, వ్యాపారులు, దానాలు. ఇక్కడ తవ్వితే శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ఎక్కడి రోము, ఎక్కడి ఈ కొండ కింది మంగమారిపేట!

మా ఆయనకి అక్కడ నాణేల కంటే తొట్లమీదే గౌరవం. వాన నీళ్లు ఎటు పారతాయో చూసి, కొండ వాలుకి తగ్గట్టు తొలిచారని, ఇప్పటి అపార్టుమెంటు బిల్డర్లని తీసుకొచ్చి చూపించాలని ఆయన ప్రతిసారీ అనే మాటే. నిజమే మరి, మా కాలనీలో మార్చి దాటితే ట్యాంకరు రావాల్సిందే.

అక్కడ నీడ తక్కువ, కొట్లు లేవు. నీళ్ల సీసా తీసుకెళ్లండి, ఖాళీ సీసా వెనక్కి తెచ్చుకోండి. స్తూపం ఎక్కి సెల్ఫీలు దిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుడి గోపురం ఎక్కుతారా?

దిగాక మంగమారిపేట దగ్గర సముద్రం ఒడ్డున సహజ శిలాతోరణం ఉంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడైతే దగ్గరికి నడవచ్చు. పది నిమిషాలు చాలు.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలికి కాస్త ముందు వస్తాయి. వేల ఏళ్లు గాలి తెచ్చి పోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాన నీళ్లు కోసుకుంటూ పోయి గోడలు, సందులు, స్తంభాలు చేశాయి. ఇలాంటివి మన దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేవు. 2014లో జియాలజికల్ సర్వేవాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. వెళ్లాల్సిన వేళ పొద్దున్న ఏడు లోపు. ఏటవాలు వెలుగు పడితే ఒక్కో పొర ఒక్కో రంగు: కుంకుమ, ఇటుక, బెల్లం. పది దాటితే అన్నీ ఒకటే రంగు, పైనుంచి మాడు మాడిపోతుంది. ఏ వేళంటే ఆ వేళ వెళ్లి "ఏటుంది ఇక్కడ?" అంటే దిబ్బలేం చేస్తాయి? ముందురోజు వాన కురిసి ఉంటే మరీ బావుంటుంది, చెప్పులు మాత్రం పాతవి వేసుకెళ్లండి, ఆ ఎరుపు వదలదు. అంచుల మీదికి ఎక్కకండి. అది రాయి కాదు, ఇసుక, విరిగిపడుతుంది. లోపలి సందుల్లోకి పోతే దారి తప్పడం కూడా తేలికే, అన్ని మలుపులూ ఒక్కలాగే ఉంటాయి.

భీమిలిలో చూడాల్సింది ఊరే. 1861లోనే మునిసిపాలిటీ అయింది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌసు, గంటస్తంభం, డచ్చివాళ్ల సమాధులు. వ్యాపారానికి వచ్చి తిరిగి వెళ్లలేకపోయినవాళ్లవి. సూదిమొనల్లా నిలబడ్డ ఆ పాత కట్టడాల మీద రాతలు చాలావరకు అరిగిపోయాయి. పక్కనే ఎండు చేపలు ఆరబెట్టి ఉంటాయి, ముక్కు మూసుకునేవాళ్లు మూసుకోండి, నాకైతే నెత్తళ్లు వాసన రాగానే వంకాయ గుర్తొస్తుంది.

చేపల మాట వచ్చింది గనక. ఎండాకాలం వచ్చిన చుట్టాలు కోనేం, చందువా కావాలంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలల్లో హోటలువాడు "తాజా చేపండి" అంటే కాస్త ఆలోచించండి. అలాంటి రోజుల్లోనే బీచ్ రోడ్డులో ఒక పేరున్న హోటల్లో మాకు చేపల పులుసు అని పెట్టారు. ముక్క ఐసులో ఎన్నాళ్లుందో గానీ పీచు పీచుగా విడిపోయింది, పులుసులో చింతపండు మాత్రం ధారాళంగా ఉంది. బిల్లు చూసి మా ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. సీజన్లో అయితే హోటళ్ల జోలికే పోకుండా పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి వెళ్లండి. బోట్లు దిగుతుంటే వేలం పాటలు పాడేస్తుంటారు, ఐసు కొట్టే చప్పుడులో మాట వినపడదు, కొన్నా కొనకపోయినా చూడాల్సిన దృశ్యం. కాళ్ల కింద జారుతుంది, అంతే.

సాయంత్రానికి రాస్‌హిల్. ఎందుకో టూరు బస్సులవాళ్లు దీన్ని వదిలేస్తారు. వన్‌టౌన్ దాటి, పోర్టు పక్కన పక్కపక్కనే మూడు గుట్టలు: ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి గుట్ట ఎక్కితే ఓడలు పోర్టులోకి వచ్చే కాలువ కాళ్ల కిందే. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద 1957 నాటి లైట్‌హౌసు. టగ్గు బోట్లు పెద్ద ఓడని పట్టుకుని అంత ఇరుకులోంచి లోపలికి తీసుకురావడం చూస్తే ఊపిరి బిగపడుతుంది. ఈ పోర్టు 1933లో మొదలైంది. మా ఆయన అక్కడ నిలబడితే ఇక కదలరు. ఓడ ఎంత లోతు మునిగిందో చూసి బరువుతో వచ్చిందా ఖాళీగా వచ్చిందా చెప్పేస్తారు. అడ్డు చెప్పేవాళ్లు లేరు గనక అన్నీ నిజమే అనుకుంటాం. టికెట్టు లేదు, రద్దీ లేదు.

యారాడ బీచ్ అందంగానే ఉంటుంది, మూడు పక్కలా కొండలు. కానీ అల పొగరు ఎక్కువ, పిల్లలతో అయితే నేను వెళ్లను. సింహాచలం వేరే చెప్పాలా, దేవుడి కోసం వెళ్లేవాళ్లకి సమీక్షలక్కర్లేదు. దిగేటప్పుడు సంపెంగలు కొనుక్కోండి. జూ, కంబాలకొండ అడవి పొద్దుటి పూటే బావుంటాయి, జూకి కూడా సోమవారం సెలవు. అరకు మాత్రం దీంతో కలపకండి, అది వేరే ప్రయాణం. ఒక్క రోజులో అరకు కూడా చూపించమన్న చుట్టాన్ని మా ఆయన గూగుల్ మ్యాపు చూపించి ఊరుకోబెట్టారు.

భీమిలి వైపుకి క్యాబు అక్కర్లేదు. రైల్వే స్టేషన్ దగ్గర బయల్దేరే 900కె సిటీ బస్సు బీచ్ రోడ్డు వెంటే వెళ్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ, వచ్చేటప్పుడు ఎడమవైపు, సముద్రం ఉండేది అటే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రం ఆడవాళ్లకి ఈ బస్సుల్లో ఉచితం కావడంతో సీటు దొరకడం కష్టమైంది, బయల్దేరే చోటే ఎక్కండి. ఆధార్ కార్డు దగ్గరుంచుకోండి. మొన్న నాకు సున్నా టికెట్టు కొట్టిన కండక్టరు, ఖమ్మం అడ్రసు చూసి మా ఆడపడుచుకి మాత్రం డబ్బులు తీసుకున్నాడు. రుషికొండ దాటేదాకా ఆవిడ సముద్రం వైపు చూడనేలేదు. "మా ఖమ్మం రాకపోతావా, నీకూ టికెట్టు కొట్టిస్తాను" అని అప్పటికి శాంతించింది.